కంపైలర్‌ని జీసీసీ-9 కి మార్చాను, పొద్దున లేచేసరికి గ్రాఫిక్స్ డ్రైవర్ పోయింది. ఒకే మెషీన్‌లో రెండు మూడు కంపైలర్లు ఎలా పెట్టుకోవాలి?

బ్రాడీపేట_ఫైనలియర్
ఉబుంటు 22.04 వాడుతున్నాను. ప్రాజెక్టుని క్యూడా (ఎన్విడియా కార్డు మీద ప్రోగ్రాములు నడిపే టూల్‌కిట్) 11.0 మీదే బిల్డ్ చెయ్యాలి. కాలేజీ ల్యాబ్ సర్వర్‌లో ఉన్నది అదే, మార్చమంటే ఒప్పుకోరు. నా ల్యాప్‌టాప్‌లో బిల్డ్ కొడితే జీసీసీ 9 కంటే పైవి పనికిరావని ఎర్రర్ ఇచ్చి ఆగింది. నెట్‌లో చూసి జీసీసీ-9 ఇన్‌స్టాల్ చేసి, అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్‌తో (ఒక కమాండ్ పేరు ఏ వెర్షన్‌ని పిలవాలో మార్చే టూల్) జీసీసీ అంటే 9 వచ్చేలా మార్చాను. బిల్డ్ అయింది. హాయిగా పడుకున్నాను.

రాత్రి అప్‌డేట్స్‌లో కొత్త కెర్నెల్ (సిస్టమ్‌ని నడిపే మూల ప్రోగ్రామ్) దిగినట్టుంది, 6.8 లోనే తర్వాతది. పొద్దున ఆన్ చేస్తే స్క్రీన్ నిండా పెద్ద పెద్ద అక్షరాలు, రెండో మానిటర్ లేదు. ఎన్విడియా-ఎస్ఎంఐ కొడితే డ్రైవర్ పలకడం లేదంటోంది. నేను డ్రైవర్ జోలికే పోలేదు. ఎల్లుండి రివ్యూ, చాలా టెన్షన్‌గా ఉంది. కంపైలర్ మారిస్తే డ్రైవర్ ఎందుకు పోతుంది?

కృష్ణలంక_లైనక్స్
గ్రబ్‌లో (ఆన్ చేయగానే వచ్చే బూట్ మెనూ) అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌కి వెళ్లి పాత కెర్నెల్‌తో బూట్ చెయ్యి. ముందు పని సాగుతుంది. మిగతాది తీరిగ్గా చూద్దాం.

బెంజిసర్కిల్_దేవ్
ఆల్టర్నేటివ్స్‌లో మళ్లీ 11 కి తిప్పేసి డ్రైవర్ రీఇన్‌స్టాల్ చేస్తే సరి. 22.04 తో వచ్చేది జీసీసీ 11 యే కదా.

ఆటోనగర్_ఎంబెడెడ్
11 తో పని జరగదనుకుంటా దేవ్ గారూ. తమ్ముడూ, ఊహలు వద్దు, లాగ్ చూద్దాం. వార్ ఫోల్డర్‌లో లిబ్, అందులో డీకేఎంఎస్, అందులో ఎన్విడియా. బిల్డ్ ఫోల్డర్‌లో మేక్ డాట్ లాగ్ అని ఫైల్ ఉంటుంది. అందులో మొట్టమొదటి ఎర్రర్ ఏముందో చెప్పు. చివరిది కాదు, మొదటిది.

బ్రాడీపేట_ఫైనలియర్
పాత కెర్నెల్‌తో స్క్రీన్ వచ్చేసింది, థాంక్స్ కృష్ణలంక అన్నా. లాగ్‌లో పైన ఒక వార్నింగ్ ఉంది: కెర్నెల్‌ని కట్టిన కంపైలర్ జీసీసీ-12, వెర్షన్ 12.3.0, మీరు వాడుతున్నది సీసీ, వెర్షన్ 9.5.0 అని. దాని కింద "ట్రివియల్-ఆటో-వార్-ఇనిట్" అనే ఆప్షన్ నాకు తెలియదని ఎర్రర్. అదే ఎర్రర్ కింద దాకా ఉంది.

ఆటోనగర్_ఎంబెడెడ్
అనుకున్నదే. కొంచెం వివరంగా చెప్తాను.

ఎన్విడియా డ్రైవర్‌లో ఒక భాగం కెర్నెల్ మాడ్యూల్. అది ప్రతి కెర్నెల్‌కీ విడిగా తయారవ్వాలి. కొత్త కెర్నెల్ దిగగానే డీకేఎంఎస్ అనేది నీ మెషీన్‌లోనే, నీకు చెప్పకుండా, ఆ మాడ్యూల్‌ని కంపైల్ చేస్తుంది. అది పిలిచేది సీసీ ని. సీసీ అంటే జీసీసీ. ఆ జీసీసీ ని నువ్వు 9 చేసి పడుకున్నావు.

22.04 లో ఇప్పుడు వస్తున్న 6.8 కెర్నెల్‌ని ఉబుంటు వాళ్లు జీసీసీ-12 తో కట్టారు. విలువ ఇవ్వకుండా వదిలేసిన లోకల్ వేరియబుల్స్‌ని సున్నాతో నింపే ఆప్షన్ అందులో వాడారు. ఆ ఆప్షన్ జీసీసీ లోకి వచ్చిందే 12 లో. అందుకే 9 కి తెలియదు, దేవ్ గారు చెప్పిన 11 కీ తెలియదు.

కెర్నెల్ దేనితో కట్టారో చూడాలంటే ప్రాక్ కింద వెర్షన్ అనే ఫైల్‌ని క్యాట్ చెయ్యి, అందులోనే రాసి ఉంటుంది. ఇప్పటికి జీసీసీ-12 ఇన్‌స్టాల్ చేసి, ఆల్టర్నేటివ్స్‌లో 12 పెట్టి, కొత్త కెర్నెల్‌తో బూట్ చేసి, సుడో డీకేఎంఎస్ ఆటోఇన్‌స్టాల్ కొట్టు. రీస్టార్ట్ చేస్తే రావాలి.

బెంజిసర్కిల్_దేవ్
ఒప్పుకుంటున్నా, 11 అన్నది నా తప్పే. కెర్నెల్ 12 తో కడుతున్నారని చూసుకోలేదు.

పటమట_అక్క
మందు సరే, జబ్బు సంగతి చూడండి. ఇవాళ 12 పెడతాడు, సాయంత్రం ప్రాజెక్టు కోసం మళ్లీ 9 కి తిప్పుతాడు, వచ్చే నెల కెర్నెల్ దిగినప్పుడు మళ్లీ ఇదే కథ.

డెబియన్‌లో గానీ ఉబుంటులో గానీ జీసీసీ అనే లింకు ఆల్టర్నేటివ్స్‌ది కాదు. అది జీసీసీ ప్యాకేజీ సొంత ఫైల్. మనం దాని మీద ఆల్టర్నేటివ్స్ లింకు పెట్టినా, రేపు ఆ ప్యాకేజీ అప్‌డేట్ అయితే తన లింకు తను పెట్టేసుకుంటుంది. అప్పుడు మనం 9 అనుకుంటూ 11 తో బిల్డ్ చేస్తుంటాం.

జీసీసీ-9, జీసీసీ-11, జీసీసీ-12 విడివిడి పేర్లతో ఒకే ఫోల్డర్‌లో పక్కపక్కనే ఉంటాయి. ఒకదానికొకటి అడ్డం రావు. ఏ ప్రాజెక్టుకి ఏది కావాలో ఆ ప్రాజెక్టులోనే పేరు పెట్టి చెప్పాలి. మేక్ అయితే సీసీ=జీసీసీ-9, సీఎక్స్ఎక్స్=జీప్లస్‌ప్లస్-9 (జీసీసీ లోని సీప్లస్‌ప్లస్ కంపైలర్) అని పక్కన ఇస్తే చాలు. క్యూడా కంపైలర్ ఎన్‌వీసీసీ కి సీసీబిన్ అనే ఆప్షన్ ఉన్నది సరిగ్గా ఇందుకే. మేక్‌ఫైల్స్ తయారుచేసిపెట్టే సీమేక్‌లో క్యూడా హోస్ట్ కంపైలర్ అని విడిగా వేరియబుల్ ఉంది. ఇంట్లో ఒకళ్లకి షుగర్ ఉందని ఊరందరి టీలో పంచదార తీసేయరు కదా.

కృష్ణలంక_లైనక్స్
అక్కా, టీ ఉదాహరణ బాగుంది 😀

బెంజిసర్కిల్_దేవ్
అక్క మాటతో పూర్తిగా ఏకీభవించను. మా ఆఫీసులో పాత కోడ్ ఉంది. దాని మేక్‌ఫైల్స్‌లో జీసీసీ అని నేరుగా రాసేశారు, సీసీ వేరియబులే లేదు. అలాంటివి పదిహేను ఫోల్డర్లు. అన్నీ తెరిచి మార్చే కంటే ఆల్టర్నేటివ్స్ తిప్పడం రెండు నిమిషాల పని. నాలుగేళ్లుగా అలాగే చేస్తున్నా. నా మెషీన్‌లో ఎన్విడియా కార్డు లేదు కాబట్టి ఈ డీకేఎంఎస్ గొడవ రాలేదు, అది నిజం.

పటమట_అక్క
దానికీ సిస్టమ్ మొత్తం మార్చక్కర్లేదు దేవ్. ఆ ప్రాజెక్టు పక్కన చిన్న బిన్ ఫోల్డర్ పెట్టి, అందులో జీసీసీ అనే పేరుతో జీసీసీ-9 కి లింకు, జీప్లస్‌ప్లస్ అనే పేరుతో రెండో లింకు, సీసీ అని మూడోది పెట్టండి. ఆ టెర్మినల్‌లో మాత్రం పాత్‌కి (కమాండ్లని వెతికే ఫోల్డర్ల జాబితా) ముందు ఆ ఫోల్డర్ చేర్చండి. పదిహేను మేక్‌ఫైల్సూ 9 నే చూస్తాయి. టెర్మినల్ మూసేస్తే ఎక్కడివక్కడే. డీకేఎంఎస్ కి మీ టెర్మినల్ పాత్‌తో పని లేదు.

బెంజిసర్కిల్_దేవ్
ఇది నాకు తట్టలేదు. రేపే పెట్టి చూస్తా.

గవర్నర్‌పేట_అడ్మిన్
అక్క చెప్పిన పాత్ పద్ధతినే రెడ్ హ్యాట్ వాళ్లు చక్కగా ప్యాకేజీ చేసి ఇచ్చారు. వాళ్ల లైనక్స్ ఆర్‌హెచ్ఈఎల్ 8 లో మామూలు జీసీసీ 8.5. జీసీసీ-టూల్‌సెట్-12 ఇన్‌స్టాల్ చేసి ఎస్‌సీఎల్ ఎనేబుల్ అంటే ఆ షెల్‌లో మాత్రం 12 వస్తుంది. ఎగ్జిట్ కొడితే మళ్లీ 8.5.

అందులో నాకు నచ్చింది ఇంకోటి ఉంది. పాత లిబ్‌ఎస్‌టీడీసీప్లస్‌ప్లస్‌లో (సీప్లస్‌ప్లస్ లైబ్రరీ) లేని కొత్త ముక్కల్ని మీ ప్రోగ్రామ్‌లోకే స్టాటిక్‌గా కలిపేస్తుంది. అందుకని బిల్డ్ చేసింది అదే ఆర్‌హెచ్ఈఎల్ వెర్షన్ ఉన్న వేరే మెషీన్‌లో టూల్‌సెట్ లేకపోయినా నడుస్తుంది. సెంట్‌ఓఎస్ 7 రోజుల్లో జీసీసీ 4.8.5 తో ఇరుక్కుని, అప్పటి టూల్‌సెట్ అయిన డెవ్‌టూల్‌సెట్ పుణ్యమా అని సీప్లస్‌ప్లస్ 14, 17 రాసుకున్నాం. 2024 జూన్ 30 తో సెంట్‌ఓఎస్ 7 కి సపోర్ట్ ఆగిపోయే దాకా మా దగ్గర అలాగే నడిచింది.

బ్రాడీపేట_ఫైనలియర్
డ్రైవర్ వచ్చేసింది!! రెండు మానిటర్లూ వెలిగాయి. ఆటోనగర్ అన్నా, మర్చిపోను.

కానీ కొత్త సమస్య తెచ్చుకున్నాను. అక్క చెప్పింది చదివి, ఆల్టర్నేటివ్స్ వద్దనుకుని, రిమూవ్-ఆల్ జీసీసీ కొట్టాను. ఇప్పుడు జీసీసీ అని కొడితే అలాంటి కమాండే లేదంటోంది. ఉన్నదీ పోయె, ఉంచుకున్నదీ పోయె అన్నట్టుంది.

పటమట_అక్క
కంగారు పడకు నాన్నా, ఆ సంగతి నేను ముందే చెప్పాల్సింది. జీసీసీ-9, 11, 12 అలాగే ఉన్నాయి, ఉత్త పేరు లింకు పోయింది. సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ కి రీఇన్‌స్టాల్ ఆప్షన్ ఇచ్చి, జీసీసీ, జీప్లస్‌ప్లస్ రెండూ మళ్లీ పెట్టు. ప్యాకేజీ తన లింకు తను కట్టుకుంటుంది. తర్వాత జీసీసీ వెర్షన్ అడిగితే 11.4 అనాలి.

బ్రాడీపేట_ఫైనలియర్
11.4 అంటోంది. ఊపిరి పీల్చుకున్నాను. కానీ అక్కా, ఇప్పుడు జీసీసీ అంటే 11 కదా, వచ్చేసారి కెర్నెల్ దిగితే డీకేఎంఎస్ 11 తో కొట్టి మళ్లీ ఫెయిల్ అవ్వదా?

ఆటోనగర్_ఎంబెడెడ్
మంచి ప్రశ్న. ఆప్ట్ అప్‌గ్రేడ్ పూర్తిగా అయిందో లేదో చూసుకో. 22.04 అప్‌డేట్స్‌లో వచ్చిన డీకేఎంఎస్ ప్యాకేజీ ఆ కెర్నెల్‌కి తగ్గ కంపైలర్‌ని ఎంచుకునేలా సర్దారు. జీసీసీ-12 ని మాత్రం తీసేయకు. కెర్నెల్ అప్‌డేట్ అయిన ప్రతిసారీ, రీస్టార్ట్ చేసే ముందు, డీకేఎంఎస్ స్టేటస్ కొట్టి కొత్త కెర్నెల్ పేరు ఎదురుగా ఇన్‌స్టాల్డ్ అని ఉందో లేదో చూసుకో. పది సెకన్ల పని.

గన్నవరం_క్లాంగ్
ఇక్కడే నాదీ అడగొచ్చా? అచ్చం ఇలాగే డ్రైవర్ కోసం పోయిన వారం జీసీసీ-12 పెట్టాను. అప్పటినుంచి క్లాంగ్‌తో (జీసీసీ లాంటి ఇంకో కంపైలర్) హలో వరల్డ్ కూడా అవ్వట్లేదు, ఐఓస్ట్రీమ్ హెడర్ దొరకలేదంటోంది. క్లాంగ్‌ని రెండుసార్లు తీసి పెట్టాను. జీప్లస్‌ప్లస్‌తో అదే ఫైల్ శుభ్రంగా కంపైల్ అవుతోంది.

పటమట_అక్క
క్లాంగ్‌కి మైనస్ వీ ఇచ్చి చూడండి. "సెలెక్టెడ్ జీసీసీ ఇన్‌స్టలేషన్" అనే లైన్ చివర ఏ నంబర్ ఉంది?

గన్నవరం_క్లాంగ్
12.

పటమట_అక్క
అదే. లైనక్స్‌లో క్లాంగ్ మామూలుగా సీప్లస్‌ప్లస్ హెడర్లని జీసీసీ దగ్గర అరువు తెచ్చుకుంటుంది. ఉన్నవాటిలో పెద్ద నంబర్ ఏదో చూసి అక్కడికి వెళ్తుంది. మీరు జీసీసీ-12 పెట్టారు, జీప్లస్‌ప్లస్-12 పెట్టలేదు. అంటే 12 ఫోల్డర్ ఉంది గానీ, దాని సీప్లస్‌ప్లస్ హెడర్లు లేవు. లిబ్‌ఎస్‌టీడీసీప్లస్‌ప్లస్-12-డెవ్ ప్యాకేజీ పెట్టండి.

గన్నవరం_క్లాంగ్
ఒక్క ప్యాకేజీ! వారం రోజులు క్లాంగ్‌ని అనుమానించాను. పటమట వస్తే టిఫిన్ నాది అక్కా.

నరసరావుపేట_మాస్టారు
కాలేజీలో సీ ల్యాబ్ చెప్తాను. మా బాధ దీనికి తిరగేసి. ఒక విద్యార్థి తన ల్యాప్‌టాప్‌లో కొత్త డెబియన్ 13 పెట్టుకున్నాడు, అందులో జీసీసీ 14. ల్యాబ్‌లో పాతది. రికార్డులో ఉన్న ప్రోగ్రామ్ ల్యాబ్‌లో నడుస్తోంది, వాడి దగ్గర ఎర్రర్. ముందు వాడు తప్పు టైప్ చేశాడనే అనుకున్నాను. తీరా చూస్తే ఎస్‌టీడీలిబ్ హెడర్ పెట్టకుండా మాలాక్ పిలిచాడు. ఇన్నేళ్లూ జీసీసీ వార్నింగ్ ఇచ్చి వదిలేసేది, మేమూ వదిలేసేవాళ్లం. 2024 లో వచ్చిన 14 నుంచి డిక్లరేషన్ లేని ఫంక్షన్‌ని పిలిస్తే అది ఎర్రరే.

టర్బో సీ అలవాట్లు ఇంకా ల్యాబ్ రికార్డుల్లో అలాగే ఉన్నాయి. పిల్లవాడి మెషీన్‌లో పాత కంపైలర్ పెట్టించడం నాకు ఇష్టం లేదు. రికార్డే దిద్దుదామని మొదలుపెట్టాను.

కృష్ణలంక_లైనక్స్
మాస్టారూ, 15 లో ఇంకో మార్పు ఉంది, చూసుకోండి. సీ కి డిఫాల్ట్ స్టాండర్డ్ సీ23 అయింది. బూల్, ట్రూ, ఫాల్స్ భాషలోనే పదాలయ్యాయి. పాత ప్రోగ్రాముల్లో సొంతంగా టైప్‌డెఫ్ బూల్ అని రాసుకున్నవి ఆగిపోతాయి. అలాంటివాటికి కంపైలర్ మార్చక్కర్లేదు, ఎస్‌టీడీ=గ్నూ17 అని ఆప్షన్ ఇస్తే చాలు. కంపైలర్ వెర్షన్ వేరు, భాష స్టాండర్డ్ వేరు. చాలామంది మొదటిదాన్ని మారుస్తారు, మార్చాల్సింది రెండోదాన్ని.

నరసరావుపేట_మాస్టారు
ఇది మేక్‌ఫైల్‌లో పెట్టి పిల్లలకి ఇస్తాను. ధన్యవాదాలు.

పాత_పెంగ్విన్
2000 లో రెడ్ హ్యాట్ 7 వచ్చినప్పుడు గుర్తుందా ఎవరికైనా? అందులో జీసీసీ 2.96 ఇచ్చారు. దానితో కెర్నెల్ కట్టొద్దని, కెర్నెల్ కోసమే కేజీసీసీ అని రెండో కంపైలర్ పక్కన పెట్టారు. కెర్నెల్‌కి దాని కంపైలర్, మనకి మన కంపైలర్. మొదటి పోస్ట్ చదవగానే అదే గుర్తొచ్చింది.

మిర్చియార్డు_రోడ్
చదువుతుంటే ధైర్యం వచ్చి అడుగుతున్నా. గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీకి టెంపరేచర్ సెన్సర్లు చదివే చిన్న సీప్లస్‌ప్లస్ ప్రోగ్రామ్ రాసిచ్చాను. గదిలో వేడి పెరిగితే మెసేజ్ పంపుతుంది. అక్కడి మెషీన్ ఉబుంటు 20.04, నాది 22.04. పాత మెషీన్‌లో నడవాలంటే పాత కంపైలర్ కావాలనుకుని నా దగ్గర జీప్లస్‌ప్లస్-9 తోనే బిల్డ్ చేశాను, 20.04 లో ఉండేది అదే కదా. తీసుకెళ్లి రన్ చేస్తే జీలిబ్‌సీ (సిస్టమ్‌లో ఉండే సీ లైబ్రరీ) 2.34 దొరకలేదంది. గదుల నిండా మిర్చి బస్తాలు, గుమస్తా పక్కనే నిలబడి చూస్తున్నాడు. పాత వెర్షన్ మళ్లీ పెట్టి వచ్చేశాను. కంపైలర్ 9 అయినప్పుడు 2.34 ఎక్కడినుంచి వచ్చింది?

ఆటోనగర్_ఎంబెడెడ్
ఇది అందరూ తెలుసుకోవాల్సిన సంగతి. నేనూ ఒకసారి కస్టమర్ దగ్గర నిలబడి నేర్చుకున్నాను.

కంపైలర్ పాతదైనా, అది లింక్ చేసేది నీ మెషీన్‌లో ఉన్న జీలిబ్‌సీ తో. 22.04 లో అది 2.35. 20.04 లో 2.31. నీ ప్రోగ్రామ్‌కి, బైనరీ లోపల ఏముందో చూపించే ఆబ్జ్‌డంప్ కొట్టి జీలిబ్‌సీ పేరున్న లైన్లు ఏరి చూడు. మెయిన్‌ని మొదలుపెట్టే ఫంక్షనే 2.34 అడుగుతూ కనపడుతుంది. అంటే ఖాళీ మెయిన్ రాసినా అడుగుతుంది. స్టాటిక్-లిబ్‌ఎస్‌టీడీసీప్లస్‌ప్లస్ ఆప్షన్ ఇచ్చినా ఇది తీరదు, ఎందుకంటే అది సీప్లస్‌ప్లస్ లైబ్రరీకి మాత్రమే.

ఎక్కడ నడవాలో అక్కడి వాతావరణంలోనే బిల్డ్ చెయ్యాలి. డాకర్‌లో (వేరే సిస్టమ్ వాతావరణాన్ని నీ మెషీన్‌లో విడిగా నడిపే టూల్) ఉబుంటు 20.04 ఇమేజ్ తీసుకుని అందులో బిల్డ్ చెయ్యి.

మంగళగిరి_మేక్
డాకర్ ఎందుకు, జీసీసీ ని సోర్స్ నుంచి కట్టుకుంటే మనకి కావాల్సినట్టు ఉంటుంది కదా? నేను రూట్ కింద ఉండే ఓపీటీ ఫోల్డర్‌లో 13 కట్టుకున్నాను.

ఆటోనగర్_ఎంబెడెడ్
సోర్స్ నుంచి కట్టినా లింక్ అయ్యేది అదే జీలిబ్‌సీ తో కదా తమ్ముడూ.

మంగళగిరి_మేక్
అవును, ఈ సమస్యకి పనికిరాదు, తొందరపడ్డాను. అయినా కట్టుకోవాలనుకునేవాళ్ల కోసం నా అనుభవం చెప్తా. సోర్స్‌లోనే డౌన్‌లోడ్ ప్రీరిక్విజిట్స్ అనే స్క్రిప్ట్ ఉంది, జీఎంపీ, ఎంపీఎఫ్ఆర్, ఎంపీసీ లైబ్రరీలని అదే తెస్తుంది. మల్టీలిబ్ (32-బిట్‌కి కూడా కట్టడం) డిసేబుల్ చెయ్యండి. ప్రిఫిక్స్ తప్పకుండా విడి ఫోల్డర్ ఇవ్వండి, యూఎస్ఆర్ మీదకి పోనివ్వకండి. మామూలుగా తనని తాను మూడుసార్లు కట్టుకుంటుంది. 8 జీబీ ర్యామ్‌లో మేక్ జే8 కొడితే నా మెషీన్ బిగుసుకుపోయింది, జే3 తో అయింది. సగంలో కరెంటు పోయింది, బ్యాటరీ కాపాడింది. చివరికి బిల్డ్ చేసిన ప్రోగ్రామ్ రన్ చేస్తే అది సిస్టమ్‌లో ఉన్న పాత లిబ్‌ఎస్‌టీడీసీప్లస్‌ప్లస్‌నే పట్టుకుంది. లైబ్రరీ ఎక్కడుందో ప్రోగ్రామ్‌లోనే రాసే ఆర్‌పాత్ ఇచ్చాక గానీ సరిగ్గా రాలేదు. ప్యాకేజీ దొరికే వెర్షన్ కోసం ఇదంతా కొండను తవ్వి ఎలుకను పట్టడమే.

మిర్చియార్డు_రోడ్
నాది 4 జీబీ ల్యాప్‌టాప్. డాకర్ మోస్తుందా?

గవర్నర్‌పేట_అడ్మిన్
మోస్తుంది. అది వర్చువల్ మెషీన్ కాదు, నీ కెర్నెల్ మీదే నడుస్తుంది. 20.04 ఇమేజ్ డౌన్‌లోడ్ ముప్పై ఎంబీ దరిదాపు, బిల్డ్-ఎసెన్షియల్ పెట్టుకుంటే ఇంకొంత. నీ కోడ్ ఫోల్డర్‌ని లోపలికి మౌంట్ చేసి బిల్డ్ కొట్టు, బైనరీ బయట నీ ఫోల్డర్‌లోనే ఉంటుంది. ఒక్కటి గుర్తుపెట్టుకో: 20.04 కి మామూలు సపోర్ట్ 2025 మే తో అయిపోయింది. సీజన్ తగ్గాక అక్కడి మెషీన్‌ని కూడా పైకి తెచ్చే ఆలోచన చెయ్యి.

బ్రాడీపేట_ఫైనలియర్
ఇంకొక్కటి. అక్క చెప్పినట్టు సీసీ, సీఎక్స్ఎక్స్, క్యూడా హోస్ట్ కంపైలర్ మూడూ 9 కి సెట్ చేసి సీమేక్ కొట్టాను. అయినా పైన "సీ కంపైలర్ 11.4.0" అనే చూపిస్తోంది. నాలుగుసార్లు కొట్టాను.

పటమట_అక్క
పాత బిల్డ్ ఫోల్డర్‌లోనే కొడుతున్నావా?

బ్రాడీపేట_ఫైనలియర్
అవును.

పటమట_అక్క
సీమేక్ ఆ వేరియబుల్స్‌ని మొదటిసారి మాత్రమే చూస్తుంది. తర్వాత ఏ కంపైలరో సీమేక్‌క్యాష్ ఫైల్‌లో రాసిపెట్టుకుని అదే వాడుతుంది. బిల్డ్ ఫోల్డర్ తీసేసి కొత్తగా మొదలుపెట్టు. ఒక్కో కంపైలర్‌కి ఒక్కో ఫోల్డర్ పెట్టుకో, బిల్డ్-9, బిల్డ్-11 అని. అప్పుడు పాత ఆబ్జెక్ట్ ఫైళ్లు కొత్తవాటితో కలిసిపోకుండా ఉంటాయి.

బ్రాడీపేట_ఫైనలియర్
9.5.0 అని వచ్చింది! క్యూడా కూడా ఆగకుండా కంపైల్ అయింది. ఈసారి జీసీసీ 11 లోనే ఉంది, దాన్ని ముట్టుకోలేదు.

మిర్చియార్డు_రోడ్
ఇప్పుడే కోల్డ్ స్టోరేజీ నుంచి వచ్చాను. 20.04 కంటెయినర్‌లో బిల్డ్ చేసింది మొదటిసారే నడిచింది. ముందు ఇంట్లోనే ఆబ్జ్‌డంప్ కొట్టి 2.31 దాటలేదని చూసుకునే వెళ్లాను. గుమస్తా గారు టీ తెప్పించారు.

బ్రాడీపేట_ఫైనలియర్
రివ్యూ అయింది. డెమో రెండు మానిటర్ల మీదా నడిచింది. గైడ్ గారు బిల్డ్ ఎలా చేశావని అడిగితే రీడ్‌మీ తెరిచి చూపించాను. అందులో మొదటి లైన్ కంపైలర్ పేరు, రెండోది క్యూడా వెర్షన్, మూడోది బిల్డ్ కమాండ్.

నరసరావుపేట_మాస్టారు
బాబూ, ఆ రీడ్‌మీ ఇక్కడ పెట్టగలవా? మా ల్యాబ్‌లో ప్రింట్ తీసి అంటిస్తాను.